ఎలుక ఉందని ఇల్లు తగలబెడతామా?

పొద్దున్నే బడికి వచ్చి కంప్యూటరు మీట నొక్కారు. యంత్రం బుర్రుమంది. తెర వెలిగింది. పేరూ, సంకేతపదమూ అడిగింది. మీరు తప్పు లేకుండా కొట్టారు. తెర ఒక్క క్షణం నల్లబడింది. హమ్మయ్య, లోపలికి వెళ్ళాం అనుకునేలోగా మళ్ళీ అదే తెర, మళ్ళీ అదే ప్రశ్న! పేరేమిటి? సంకేతపదమేమిటి? రెండోసారి కొట్టినా అంతే, పదోసారి కొట్టినా అంతే. తలుపు తీసినట్టే తీసి మొహాన వేసేసినట్టు!

ఇలాంటప్పుడు మీరేం చేస్తారు?

"ఏముంది, మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కించేస్తే సరి" అనేవాళ్ళు చాలామంది ఉంటారు. నిజమే, అలా చేస్తే సాధారణంగా కంప్యూటరు బాగుపడుతుంది. కాని అందులో ఉన్నవన్నీ పోతాయి. పైగా అసలు తప్పేమిటో ఎప్పటికీ తెలియదు. తెలియని తప్పు మళ్ళీ వస్తుంది. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవటమంటే ఇదే.

కొన్నాళ్ళ కిందట ఒక ఉన్నత పాఠశాలలో సరిగ్గా ఇలాగే జరిగింది. అప్పుడు నేనక్కడే ఉన్నాను. ఆ బడిలో ఒక పాత కంప్యూటరు ఉంది. అందులో పిల్లలు మూడేళ్ళపాటు రోజూ కొలిచి రాసిన వాన లెక్కలూ, ఎండ లెక్కలూ ఉన్నాయి. మొదట రాసుకున్న నోటుపుస్తకాలు చెదలపాలయ్యాయి. వేరే చోట ప్రతి లేదు. సంక్రాంతి సెలవుల తరవాత బడి తెరిచేసరికి కంప్యూటరు లోపలికి రానివ్వటం లేదు. మెకానిక్కు వచ్చి చూసి, "పాత సరుకండీ. తుడిచేసి మళ్ళీ ఎక్కిస్తాను, గంటలో పని" అన్నాడు. సైన్సు మాస్టారు సరే అనబోయారు.

అప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, "మాస్టారూ, తుడిచే ముందు ఏం పోయిందో ఒకసారి చూద్దామండీ" అంది.

ఏం పోయిందో చూడటం ఎలా? దానికి ముందు తెర వెనక ఎవరెవరు పని చేస్తున్నారో తెలియాలి.

తెర వెనక ఎవరెవరు?

ఆ కంప్యూటరులో ఉన్నది లైనక్స్. 1991లో ఫిన్లండు దేశపు హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న 21 ఏళ్ళ లైనస్ టోర్వాల్డ్స్ దీన్ని రాయటం మొదలుపెట్టాడు. నిజానికి లైనక్స్ అంటే లోపలి గుండెకాయ మాత్రమే. దాన్ని కెర్నెల్ అంటారు. మెమరీని పంచటం, డిస్కులో రాయటం, మీటలు నొక్కితే కనిపెట్టటం, ఇవన్నీ దాని పనులు. కాని బొమ్మలూ, కిటికీలూ, గడియారమూ గీయటం దాని పని కాదు.

మీరు తోలుబొమ్మలాట చూశారా? ముందు ఒక పందిరి ఉండాలి. దానికొక తెల్లటి తెర, తెర వెనక దీపం. బొమ్మలు ఆడించేవాళ్ళూ, ఏ బొమ్మ ఎప్పుడు రావాలో చెప్పే పెద్ద ఒకడూ ఉంటారు. టిక్కెట్టు పెట్టి ఆడిస్తే గుమ్మం దగ్గర ఇంకొక మనిషి.

మన కంప్యూటరు తెర మీద ఆట కూడా ఇలాంటిదే. పందిరి అంటే యంత్రమూ, కెర్నెలూ. తెరా దీపమూ అంటే 'ఎక్స్' అనే వ్యవస్థ. ఇది 1984లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పుట్టింది. తెర మీద చుక్కలు వెలిగించటం, మౌసు ఎటు కదిలిందో చెప్పటం దాని పని. గుమ్మం దగ్గర పేరూ సంకేతపదమూ అడిగే మనిషి ఇంకొక ప్రోగ్రాము. మీరు లోపలికి రాగానే ఒక్కొక్క బొమ్మనీ పిలిచి నిలబెట్టే పెద్ద వేరు. ఆ పెద్దను సెషన్ మేనేజరు అంటారు.

మరి బొమ్మలో? కిటికీలకు చట్రమూ, పైన పట్టీ, మూసే గుర్తూ తగిలించే విండో మేనేజరు ఒక బొమ్మ. మెనూ, గడియారమూ ఉండే ప్యానెల్ ఒక బొమ్మ. వెనకాల పటమూ, దాని మీద గుర్తులూ పరిచేది ఇంకొక బొమ్మ. అక్షరాల సైజూ, రంగులూ చూసే అమరికల ప్రోగ్రాము మరొకటి. ఇవన్నీ కలిసిన మేళాన్ని డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ అంటారు.

ఇలాంటి మేళాలు లైనక్సుకు చాలా ఉన్నాయి. ఆ బడి కంప్యూటరులో ఉన్నది ఎక్స్‌ఎఫ్‌సిఈ. 1996లో ఒలివియే ఫూర్దాన్ అనే ఆయన దీన్ని మొదలుపెట్టాడు. దీని గుర్తు ఏమిటో తెలుసా? ఎలుక! 2006లో తైవానులో మొదలైన ఎల్ఎక్స్‌డిఈ కూడా ఇలాంటిదే. వీటిని 'తేలిక' మేళాలంటారు.

తేలిక అంటే తూకంలో కాదు. మెమరీని మీ రాతబల్ల అనుకోండి. చేస్తున్న పని తాలూకు కాగితాలన్నీ దాని మీద పరవాలి. కొన్ని మేళాలు తమ సామానుతోనే సగం బల్ల నింపేస్తాయి. తేలిక మేళం ఒక మూల సర్దుకుని, మిగతా బల్ల మీకు వదులుతుంది. ఆ బడి కంప్యూటరులో ఉన్న మెమరీ 2 గిగాబైట్లే. అందుకే మాస్టారు తేలిక మేళాన్ని ఎంచుకున్నారు.

ఏ బొమ్మ రాలేదు?

ఇప్పుడు అసలు సంగతి చూడండి. ఈ బొమ్మలన్నీ విడివిడి ప్రోగ్రాములు. కనక ఒకటి పడిపోయినా మిగతావి ఆడుతూనే ఉంటాయి. హనుమంతుడి బొమ్మ రాలేదని ఎవరైనా తెర చింపుతారా? పందిరి పీకుతారా? ఏ బొమ్మ రాలేదో చూసి, దాన్ని పిలుస్తారు. ఇక్కడా అంతే. ఏది కనపడటం లేదో గమనిస్తే, ఎవరు పడిపోయారో తెలిసిపోతుంది.

కిటికీలు తెరుచుకుంటున్నాయి గాని, వాటి పై పట్టీలు లేవు, కిటికీని జరపటానికి వీల్లేదు. అయితే పడిపోయింది విండో మేనేజరు.

కిటికీలు బాగున్నాయి, మెనూ, గడియారం ఉన్న పట్టీ లేదు. అయితే ప్యానెల్ లేవలేదు. ప్యానెల్ పడిపోయిన సమయంలో 'ఇప్పటి స్థితిని దాచుకో' అని ఒప్పుకుని బయటికి వచ్చినా ఇలాగే జరుగుతుంది. ప్యానెల్ లేని స్థితినే కంప్యూటరు నమ్మకంగా దాచుకుంటుంది, మరుసటి రోజు అదే చూపిస్తుంది! చెప్పినట్టు చేయటం దాని తప్పు కాదు గదా.

వెనకాల పటమూ, గుర్తులూ లేవు, కుడి మీట నొక్కితే మెనూ రావటం లేదు. అయితే పటం పరిచే ప్రోగ్రాము పడిపోయింది.

అన్నీ ఉన్నాయి, కాని నత్తనడక నడుస్తున్నాయి. అయితే బల్ల నిండిపోయి ఉంటుంది. బల్ల నిండితే కంప్యూటరు కొన్ని కాగితాలు తీసి బీరువాలో, అంటే డిస్కులో పెట్టి, కావలసినప్పుడల్లా తెచ్చుకుంటుంది. మెమరీతో పోలిస్తే డిస్కు చాలా నిదానం. అందుకే ఆ ఆలస్యం. ఇలాంటప్పుడు మేళాన్ని తిట్టి లాభం లేదు. బ్రౌజరులో ఎన్ని పేజీలు తెరిచి ఉంచారో చూసుకోండి. తేలిక మేళం పెట్టుకుని ఇరవై పేజీలు తెరిస్తే బల్ల నిండకేం చేస్తుంది?

ఇవి సులువైన తప్పులు. మరి మేళం మొత్తం రాకుండా, గుమ్మంలోనే తిప్పి పంపిస్తుంటే?

కాలువ సగంలో చూడండి

చెరువు తూము దగ్గర నుంచి మీ పొలందాకా ఒక కాలువ ఉందనుకోండి. దాని పొడుగునా 64 మడులు. మీ మడికి నీరు రావటం లేదు. ఎక్కడో గండి పడింది. ఒక్కొక్క మడి దగ్గరా ఆగి చూస్తూ వెళితే 64 చోట్ల చూడవలసి రావచ్చు. తెలివైన రైతు ఏం చేస్తాడు? తిన్నగా 32వ మడి దగ్గరికి వెళతాడు. అక్కడ నీరుందా? అయితే గండి అక్కడికి దిగువన. లేదా? అయితే ఎగువన. ఒక్క చూపుతో సగం కాలువ లెక్కలోంచి పోయింది! తరవాత మిగిలిన సగంలో సగం. 64, 32, 16, 8, 4, 2, 1. ఆరే ఆరు చూపుల్లో గండి దొరుకుతుంది.

మన కంప్యూటరులో 'కాలువ సగం' ఎక్కడుంది? కంట్రోల్, ఆల్ట్ మీటలు రెండూ పట్టుకుని ఎఫ్3 మీట నొక్కండి. బొమ్మలన్నీ మాయమై నల్లటి తెర మీద వట్టి అక్షరాలు వస్తాయి. భయపడకండి. బొమ్మలు లేకుండా కంప్యూటరుతో మాట్లాడటానికి లైనక్స్ ఉంచిన దొడ్డిదారి ఇది. అక్కడ కూడా పేరూ, సంకేతపదమూ అడుగుతుంది. సంకేతపదం కొడుతుంటే చుక్కలు కూడా కనపడవు. అయినా అది వింటూనే ఉంటుంది.

ఆ అమ్మాయి చేసిన మొదటి పని ఇదే. లోపలికి రానిచ్చింది! ఈ ఒక్క పరీక్షతో ఎన్ని తెలిశాయో చూడండి. యంత్రం బాగుంది. కెర్నెల్ బాగుంది. డిస్కు చదవగలుగుతోంది. సంకేతపదం సరైనదే. కనక గండి దిగువన, బొమ్మలాట వైపు ఎక్కడో ఉంది. 'పాత సరుకు' అన్న మాట అప్పుడే సగం వీగిపోయింది.

రెండో పని, వాన లెక్కల ఫైలు ఉందో లేదో చూడటం. ఎల్, ఎస్ అనే రెండు అక్షరాలు కొట్టి ఎంటర్ మీట నొక్కితే ఫైళ్ళ పేర్లన్నీ వస్తాయి. ఉంది! మూడేళ్ళ వానా భద్రంగా ఉంది. అందరం ఊపిరి పీల్చుకున్నాం.

బీరువా నిండిపోయింది

గుమ్మంలోనే తిప్పి పంపే తప్పుకు ఇద్దరు ముఖ్యమైన అనుమానితులున్నారు. మొదటివాడు టిక్కెట్టు. మీరు లోపలికి వచ్చినప్పుడు, తెర మీద గీయటానికి మీకు హక్కుందని చెప్పే చిన్న చీటీ ఒకటి మీ ఫైళ్ళలో రాయబడుతుంది. ఎప్పుడైనా యజమాని అధికారంతో బొమ్మలాట మొదలుపెడితే, ఆ చీటీ యజమాని పేరు మీదికి మారిపోవచ్చు. అప్పుడు మీ టిక్కెట్టు మీకే చెల్లదు. రెండోవాడు డిస్కు. డిస్కు పూర్తిగా నిండిపోతే ఆ చీటీ రాయటానికే చోటుండదు.

ఏ అనుమానాన్ని ముందు పరీక్షించాలి? ఏది తేలికగా తేలుతుందో దాన్ని. డి, ఎఫ్ అనే రెండు అక్షరాలు, ఒక ఖాళీ, ఒక అడ్డగీత, హెచ్ అనే అక్షరం, అన్నీ చిన్నబడిలో కొట్టాలి. డిస్కు ఎంత, నిండింది ఎంత అన్నది పట్టికలా వస్తుంది. వచ్చింది. 80 గిగాబైట్ల డిస్కు. నిండినది: నూటికి నూరు!

ఎవరు నింపారు? సెలవులకు ముందు సుమారు 40 గిగాబైట్లు ఖాళీ ఉండేదని మాస్టారికి గుర్తుంది. సెలవుల్లో బడికి ఎవరూ రాలేదు. తాళం వేసిన గదిలో ఉన్న కంప్యూటరులో ఎవరు ఏం దాచారు?

ఆ అమ్మాయి మళ్ళీ ఎల్, ఎస్ కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి, ఎల్, ఏ, హెచ్ అని మూడక్షరాలు కలిపి కొట్టింది. ఎల్ అంటే వివరంగా చెప్పమని. ఏ అంటే దాగి ఉన్నవాటిని కూడా చూపమని. హెచ్ అంటే సైజులు మనుషులకు అర్థమయ్యేలా చెప్పమని. లైనక్సులో చుక్కతో మొదలయ్యే పేరున్న ఫైలు మామూలుగా కనపడదు. ఇప్పుడు కనపడ్డాయి. టిక్కెట్టు చీటీ ఆ అమ్మాయి వాడుతున్న పేరు మీదనే ఉంది. మొదటి అనుమానితుడు నిర్దోషి. దానికి కాస్త కింద చుక్కతో మొదలయ్యే ఇంకొక ఫైలు ఉంది. దాని సైజు 38 గిగాబైట్లు!

దాని పేరు 'ఎక్స్‌సెషన్ ఎర్రర్స్', చివర 'పాతది' అన్న గుర్తు. అంటే తప్పుల చిట్టా.

చిట్టా అంటే ఏమిటి?

1947 సెప్టెంబరు 9న అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మార్క్ 2 అనే కంప్యూటరు మొరాయించింది. పనివాళ్ళు వెతగ్గా వెతగ్గా ఒక రిలే మీటలో ఇరుక్కున్న చిన్న చిమ్మెట దొరికింది. దాన్ని తీసి, రోజువారీ చిట్టా పుస్తకంలో అంటించి, పురుగు నిజంగా దొరకటం ఇదే మొదలని చమత్కారంగా రాశారు. యంత్రంలో దోషాన్ని పురుగు అనటం అంతకు ముందే ఉంది. 1878లోనే ఎడిసన్ అలా రాశాడు. చిమ్మెటతో సహా ఆ చిట్టా పుట అమెరికా జాతీయ చరిత్ర మ్యూజియంలో ఇప్పటికీ భద్రంగా ఉంది.

ఈనాటి కంప్యూటర్లు తమ చిట్టా తామే రాసుకుంటాయి. తెర మీద ఆడే ప్రోగ్రాములకు ఏదైనా ఇబ్బంది కలిగితే ఆ ఫైలులో ఒక వాక్యం రాస్తాయి. ఎవరికి, ఏ కష్టం వచ్చిందో అందులో ఉంటుంది. తప్పు వెతికేవాడికి ఇంతకంటె మంచి సాక్షి లేడు. కాని చాలామంది దాన్ని చదవరు!

38 గిగాబైట్ల ఫైలు చదవటం ఎలా? చదవక్కర్లేదు. 'టెయిల్' అనే ఆజ్ఞ ఉంది. టెయిల్ అంటే తోక. ఎంత పెద్ద ఫైలుకైనా చివరి పది వరుసలు మాత్రం చూపిస్తుంది. తోక పట్టుకుని చూస్తే పదికి పది వరుసలూ ఒకే వాక్యం! ఇంటర్‌నెట్టు అందటం లేదని ఒకే ఒక్క ప్రోగ్రాము గోల. అది ప్యానెల్ మీద ఎవరో సరదాకు కూర్చోబెట్టిన చిన్న ఉపకరణం.

ఆ అమ్మాయి ఆ వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా తన నోటుపుస్తకంలో రాసుకుంది. డిస్కులో దాచుకుందామంటే చోటేదీ? ఆ తరవాతే ఆ పాత చిట్టాను తీసేసింది. ఫైలును తీసేసే ఆజ్ఞకు రెండే అక్షరాలు, ఆర్, ఎం. దానికి దయాదాక్షిణ్యాలు లేవు. చెత్తబుట్టలో వేసి ఉంచదు, తిన్నగా తీసిపారేస్తుంది. అందుకని ఎంటర్ నొక్కేముందు ఫైలు పేరు ముగ్గురం మూడుసార్లు చదివాం.

కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టాం. పేరు, సంకేతపదం. తెర నల్లబడింది. తరవాత గడియారం, మెనూ, వెనకాల పటం, అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి! మాస్టారు మొదట చేసిన పని ఏమిటో తెలుసా? వాన లెక్కల ఫైలును పెన్‌డ్రైవులోకి ఎక్కించుకోవటం.

తప్పు దొరికిందా?

"అయిపోయింది గదా, ఇంటికి పోదాం" అన్నారు పిల్లలు. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. కొత్తగా మొదలైన చిట్టా సైజు చూసింది. ఒక నిమిషం ఆగి మళ్ళీ చూసింది. నిమిషంలో 6 మెగాబైట్లు పెరిగింది!

మీరూ కాగితం, పెన్సిలు తీసుకోండి. నిమిషానికి 6 మెగాబైట్లయితే గంటకు 360. రోజుకు 8,640 మెగాబైట్లు, అంటే ఎనిమిదిన్నర గిగాబైట్లకు పైమాటే. ఖాళీ 40 గిగాబైట్లు. ఎన్నాళ్ళకు నిండుతుంది? అయిదు రోజులు కూడా పట్టదు. బడికి సెలవులు వారం రోజులు. వెళ్ళేటప్పుడు కంప్యూటరు ఆపటం అందరూ మరిచిపోయారు. తాళం వేసిన గదిలో దాచింది ఎవరో ఇప్పుడు తెలిసింది గదా!

ఇంకొక లెక్క. ఆ వాక్యంలో సుమారు 100 అక్షరాలు. ఇంగ్లీషు అక్షరం ఒక్కొక్కటి ఒక బైటు. నిమిషానికి 60 లక్షల బైట్లయితే ఎన్ని వాక్యాలు? 60 వేలు. అంటే సెకనుకు వెయ్యిసార్లు అదే ఫిర్యాదు!

కనక డిస్కు నిండటం జబ్బు కాదు, జబ్బు లక్షణం మాత్రమే. ఒళ్ళు వెచ్చబడితే జ్వరం తగ్గే మాత్ర వేస్తే సరిపోతుందా? జ్వరం ఎందుకు వచ్చిందో చూడవద్దూ? చిట్టాను ఖాళీ చేసి ఊరుకుని ఉంటే, మళ్ళీ ఏ సెలవులకో ఇదే గొడవ.

ఆ అమ్మాయి ప్యానెల్ మీద నుంచి ఆ ఉపకరణాన్ని తీసేసింది. చిట్టా పెరగటం ఆగిపోయింది. ఇప్పుడు తప్పు దొరికినట్టేనా? ఇంకా కాదు! ఆ సమయంలోనే ఇంకేదో మారి ఉండవచ్చు. అందుకని ఆ ఉపకరణాన్ని కావాలనే తిరిగి పెట్టింది. చిట్టా మళ్ళీ పెరగటం మొదలుపెట్టింది. మళ్ళీ తీసింది. ఆగింది. తప్పును మన ఇష్టప్రకారం రప్పించి, మన ఇష్టప్రకారం పంపించగలిగినప్పుడే అది నిజంగా దొరికినట్టు. అంతవరకు అది అనుమానమే.

ఇవి గుర్తుంచుకోండి

ఆ రోజు జరిగినదాన్ని ఒకసారి నెమరు వేసుకుందాం. ముందు, ఉన్న సంపద భద్రంగా ఉందో లేదో చూడాలి. తరవాత, కాలువ సగంలో చూసి గండి ఎటుందో తేల్చుకోవాలి. చిట్టా చదవాలి. ఒకసారికి ఒకటే మార్చాలి. ఒకేసారి నాలుగు మార్చి బాగుపడితే, ఏది మందో, ఏది వృథాయో ఎలా తెలుస్తుంది? చేసిన ప్రతి పనీ నోటుపుస్తకంలో రాసుకోవాలి.

మరొక చక్కని పరీక్ష ఉంది. మేళం సరిగా ఆడనప్పుడు కంప్యూటరులో కొత్త పేరుతో ఇంకొక వాడుకరిని చేర్చి, ఆ పేరుతో లోపలికి వెళ్ళి చూడండి. కొత్తవాడికి అన్నీ బాగుంటే ప్రోగ్రాములు నిర్దోషులు, తప్పు మీ అమరికలలో ఉంది. కొత్తవాడికీ అదే గతి పడితే తప్పు ప్రోగ్రాములలోనో, అంతకన్న లోపలో ఉంది. ప్రయోగశాలలో ఒక మొక్కకు ఎరువు వేసి, ఇంకొకదానికి వేయకుండా పోల్చి చూస్తారు గదా! ఇది కూడా అదే.

తప్పు మీ అమరికలలోనే ఉంటే వాటిని తీసేయకండి. ఎక్స్‌ఎఫ్‌సిఈ అమరికలన్నీ ఒక దాగి ఉన్న ఫోల్డరులో ఉంటాయి. బయటికి వచ్చి, దొడ్డిదారిన వెళ్ళి, ఆ ఫోల్డరు పేరు చివర 'పాతది' అని చేర్చండి. మేళానికి పాత అమరికలు కనపడక, కొత్తవి తయారుచేసుకుంటుంది. బాగుపడకపోతే పాత పేరు తిరిగి పెట్టేయవచ్చు. వెనక్కి తీసుకోగల అడుగే ముందు వేయాలి.

లైనక్స్ ప్రపంచం కూడా మారుతోంది. తెరా దీపమూ అన్నామే, ఆ ఎక్స్ వ్యవస్థ స్థానంలోకి వేలాండ్ అనే కొత్త పద్ధతి వస్తోంది. 2024 డిసెంబరులో వెలువడిన ఎక్స్‌ఎఫ్‌సిఈ 4.20లో దానికి ప్రయోగాత్మకంగా చోటిచ్చారు. రేపు తెర మారవచ్చు, బొమ్మల పేర్లు మారవచ్చు, చిట్టా ఉండే చోటు మారవచ్చు. కాని సగంలో చూడటం, చిట్టా చదవటం, ఒకసారికి ఒకటే మార్చటం మారవు. సైకిలు చెడినా, పంపుసెట్టు చెడినా, రేడియో చెడినా దారి అదే.

ఆ బడిలో ఇప్పుడు ప్రతి శనివారం వాన లెక్కలకు రెండు ప్రతులు తీస్తున్నారు. కంప్యూటరు పక్కన మేకుకు ఒక నోటుపుస్తకం వేలాడుతోంది. దాని మొదటి పేజీలో ఆ అమ్మాయి చేతిరాతతో, ఆ ఉపకరణం సెకనుకు వెయ్యిసార్లు పెట్టిన ఫిర్యాదు ఇప్పటికీ ఉంది.

మీ బడిలో లైనక్స్ కంప్యూటరు ఉంటే, అది చెడేదాకా ఆగకండి. బాగున్నప్పుడే మాస్టారిని అడిగి, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి దొడ్డిదారి చూసి రండి. తిరిగి రావటానికి ఎఫ్3కి బదులు ఎఫ్7 నొక్కండి. కొన్నింటిలో ఎఫ్1 గాని, ఎఫ్2 గాని అయి ఉంటుంది. మీ కంప్యూటరులో ఏదో కనిపెట్టి రాసుకోండి. డిస్కు ఎంత నిండిందో, చిట్టా సైజు ఎంతో కూడా తేదీ వేసి రాసుకోండి. బాగున్నప్పుడు ఎలా ఉంటుందో తెలిసినవాడికే, చెడినప్పుడు ఏం మారిందో తెలుస్తుంది.